పాట వెనక చప్పుడు: ఇత్తడి డ్రమ్మా? ఇనప డ్రమ్మా?

సినిమా హాల్లో పాట వస్తోంది. మీ కళ్లెక్కడుంటాయో నాకు తెలుసు. హీరో కాళ్ల మీదా, హీరోయిన్ కళ్ల మీదా! తప్పులేదు, టిక్కెట్టు కొన్నదే అందుకు. కానీ మీ పాదం మాత్రం కుర్చీ కింద మీకు చెప్పకుండా ఒక పని చేస్తూ ఉంటుంది. ఒకటి వదిలి రెండోదానికి, మూడు వదిలి నాలుగోదానికి నేలని తడుతుంటుంది. దాన్ని ఆడిస్తున్నది హీరో కాదు. ఎక్కడో అద్దాల గదిలో కూర్చుని, టైటిల్సులో పేరైనా పడని ఒక డ్రమ్మరు. అతని మోకాళ్ల మధ్య స్టాండు మీద ఉండే 14 అంగుళాల డ్రమ్ము. దాన్నే స్నేర్ డ్రమ్ము అంటారు.

ఈ వారం కబుర్లన్నీ దాని గురించే. ఎందుకంటారా? పోయిన నెల మా మేనమామ ఇంట్లో ఈ డ్రమ్ము మీద చిన్న సైజు కురుక్షేత్రం జరిగింది. తీర్పు చెప్పడానికి పెద్దమనిషిలా వెళ్లి, పరువు పోగొట్టుకుని వచ్చాను. పరువు ఎలాగూ పోయింది, కనీసం మీకో కాలమ్ అయినా దక్కాలి కదా!

మామ ఊరు

మా అమ్మ పుట్టిల్లు మహదేవపూర్. ఇప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లా. 2016 అక్టోబరు దాకా కరీంనగర్ జిల్లా. చుట్టూ అడవి, ఊళ్లో దసలి పట్టు, కాస్త దూరం పోతే గోదావరి. కాళేశ్వరం అంటే ఈ రోజుల్లో అందరికీ ప్రాజెక్టూ, 2023 అక్టోబరులో కుంగిన మేడిగడ్డ బ్యారేజీ గుర్తొస్తాయి. మా చిన్నప్పుడు కాళేశ్వరం అంటే ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న గుడి, శివరాత్రి జాతర, జాతరలో బ్యాండు మేళం. ఆ మేళంలో సైడ్ డ్రమ్ము మా మామది.

సైడ్ డ్రమ్మూ, స్నేర్ డ్రమ్మూ అన్నదమ్ములే. వెనకటికి పటాలాల్లో ఈ డ్రమ్ముని పట్టీతో పక్కకి వేలాడదీసుకుని నడుస్తూ వాయించేవారు. అందుకని సైడ్ డ్రమ్ము. దాన్నే కాస్త పొట్టిచేసి స్టాండు మీద కూర్చోబెడితే సినిమా పాటల స్నేర్ డ్రమ్ము అయింది. మామ డ్రమ్ము ఇత్తడిది. బ్యాండు వాద్యాలకు మన దేశంలో పేరున్న చోటు మీరట్‌లోని జలీ కోఠీ. అక్కడ తయారైన సరుకే చేతులు మారి మహదేవపూర్ చేరింది. ఏడాదిపాటు పెళ్లిళ్లలో వాయించిన డబ్బులన్నీ కూడబెట్టి మామ దాన్ని కొన్నాడు.

ఆ మామకి ఇప్పుడు ఎనభై దగ్గర పడుతున్నాయి. ఆయన మనుమడికి ఇరవై రెండు. వాడూ డ్రమ్మరే, పెళ్లి రిసెప్షన్లలో ఆర్కెస్ట్రాల వెనక వాయిస్తాడు. వాడి తాత నాకు మామ, నేను వాడికి మామ. ఇంట్లో ఎవరైనా ‘‘మామా’’ అంటే ఇద్దరం పలుకుతాం.

పోయిన నెల వాడు ఫోన్ చేశాడు.

‘‘మామా, నాకు అమెరికా స్నేరు కావాలె. నల్ల పూత ఉంటది సూడు, అది. సగం పైసలు చిట్టీ ఎత్తుత. సగం మిత్తికి తెస్త. మూడు రూపాయల మిత్తి. తాతకు నువ్వు చెప్పాలె.’’

ఆ డ్రమ్మేదో నాకు తెలుసు. లుడ్విగ్ కంపెనీ బ్లాక్ బ్యూటీ. లోకంలో డ్రమ్మర్లంతా కలలు కనే సరుకు. ఇక్కడే ఉంది తమాషా. ఆ నల్లటి నికెల్ పూత గీకి చూస్తే లోపల ఉన్నది ఇత్తడే!

‘‘ఇంట్ల ఇత్తడి డ్రమ్ము ఉండంగ మిత్తికి తెచ్చి ఇంకో ఇత్తడి డ్రమ్మేందిరా?’’ అన్నాను.

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత మెల్లగా చెప్పాడు. తాత డ్రమ్ముని తోమి, మెరిపించి, ఒక ఆర్కెస్ట్రాకి తీసుకుపోయాడట. వాళ్ల పెద్ద దాన్ని చూసి, ‘‘ఈ బిందె ఎక్కడిది తమ్మీ? నీళ్లు తేనీకి పోతున్నవా?’’ అన్నాడట. అందరూ నవ్వారట. ఆ రాత్రంతా వాడు వాళ్ల స్టీలు డ్రమ్ము మీద వాయించి వచ్చాడు. బిందె సంచీలోనే ఉండిపోయింది.

మూడు రూపాయల మిత్తి ఎక్కడినుంచి పుట్టిందో నాకప్పుడు అర్థమయింది. బస్సెక్కాను.

డ్రమ్ము కడుపులో ఏముంది?

బస్సు మహదేవపూర్ చేరేలోగా మీకు అసలు సంగతి చెప్పేస్తాను. స్నేర్ డ్రమ్ముకి రెండు ముఖాలు. పైన కొట్టే ముఖం, కింద పలికే ముఖం. కింది తోలు పైదానికంటే బాగా పల్చన. దాన్ని ఆనుకుని అడ్డంగా సన్నటి చుట్టల తీగలు, మామూలుగా ఇరవై దాకా ఉంటాయి. పైన పుల్ల పడగానే లోపలి గాలి కింది తోలుని తోస్తుంది. తోలు తీగల్ని ఎగరేస్తుంది. ఎగిరిన తీగలు మళ్లీ వచ్చి తోలుని కొడతాయి. మనం వినే ఆ ‘చర్’ మనే చప్పుడు అదే. పక్కనున్న మీట దించితే తీగలు తోలుని వదిలేస్తాయి. అప్పుడు అదే డ్రమ్ము ‘డుబ్’ మని మూలుగుతుంది. తీగలు మరీ బిగిస్తే గొంతు నొక్కేసినట్టుంటుంది, వదులు చేస్తే గలగలా వాగుతుంది.

ఇక డబ్బా సంగతి. ఇత్తడి నిండుగా, కాస్త గంటలా మోగుతుంది. ఉక్కు పదునుగా ఉండి, మోత ఎక్కువసేపు నిలుస్తుంది. అల్యూమినియం పొడిగా, కురచగా పలుకుతుంది. మేపుల్, బర్చ్ లాంటి చెక్కవి వెచ్చగా, గుండ్రంగా ఉంటాయి. ఈ నాలుగింటి గురించి నలుగురు డ్రమ్మర్లు కూర్చుంటే టీలు చల్లారతాయి గానీ వాదన చల్లారదు. 1964 ఫిబ్రవరిలో బీటిల్స్ అమెరికా టెలివిజన్లో కనిపించినప్పుడు రింగో స్టార్ ముందున్న లుడ్విగ్ డ్రమ్ములు చూసి, ఆ కంపెనీ మీద కుర్రాళ్లు ఎగబడ్డారు. అదే రింగో తర్వాత రికార్డింగుల్లో డ్రమ్ముల మీద తువ్వాళ్లు కప్పి వాయించాడు. లోకమంతా కంపెనీ పేరు చూసింది, తువ్వాలు సంగతి చాలామంది చూడలేదు.

తువ్వాలంటే గుర్తొచ్చింది. 1986లో మద్రాసులో ఒక రికార్డింగ్ థియేటర్‌కి నన్ను ఒక మిత్రుడు తీసుకెళ్లాడు. నాకప్పుడు మీ వయసే. ఏవీయం, ప్రసాద్, విజయా గార్డెన్ అన్న పేర్లు వింటేనే ఒళ్లు పులకరించే రోజులు. అద్దం అవతల డ్రమ్మరు స్నేరు మీద ఒక దెబ్బ వేశాడు. ఇంజనీరు తల అడ్డంగా ఊపాడు, మోత ఎక్కువైంది. డ్రమ్మరు జేబులోంచి పర్సు తీసి తోలు అంచున పెట్టి మళ్లీ కొట్టాడు. ఇంజనీరు నవ్వాడు. పాట ఓకే! నెలాఖరు కావడంతో పర్సు పల్చగా ఉంది కాబట్టి సరిపోయిందనీ, జీతాల రోజైతే చప్పుడు చచ్చిపోయేదనీ ఆ డ్రమ్మరు జోకు వేశాడు.

ఆ కాలపు చప్పుడు వినాలంటే ఎం.ఎస్.విశ్వనాథన్ వాద్యబృందంలో నోయెల్ గ్రాంట్‌నీ, ఇళయరాజా పాటల్లో పురుషోత్తమన్‌నీ వినండి. ఆ తర్వాత శివమణి. బాలుగారి కచేరీల్లో కుర్రాడిగా వాయించిన ఆ శివమణికే 2019లో పద్మశ్రీ వచ్చింది. బిందెలు, సూట్‌కేసులు, నీళ్ల డబ్బాలు ఏది దొరికితే అది వాయించి జనాన్ని లేపి నిలబెట్టే మనిషి. బిందె అని వెక్కిరించిన ఆ ఆర్కెస్ట్రా పెద్దకి ఈ సంగతి తెలియదేమో!

రికార్డింగ్‌లో ఇంకో చిన్న కిటుకు. స్నేరుకి పైన ఒక మైకు, కింద ఒక మైకు పెడతారు. దెబ్బ పడిన క్షణంలో పై తోలు తన మైకుకి దూరంగా పోతుంది, కింది తోలు తన మైకుకి దగ్గరగా వస్తుంది. రెండింటినీ అలాగే కలిపితే ఒకదాన్నొకటి తినేస్తాయి. అందుకని ఇంజనీరు కింది మైకుని తిరగేసి కలుపుతాడు. ఆ మీట మరిచిపోతే ఎంత ఖరీదైన డ్రమ్మైనా అట్టపెట్టెలా వినిపిస్తుంది.

సరే, బస్సు వచ్చేసింది. దిగుదాం.

సిరొంచ పెళ్లి

ఇంటికి వెళ్లేసరికి మామ అరుగు మీద కూర్చుని డ్రమ్ముని తుడుస్తున్నాడు. పక్కన గోనెసంచి.

‘‘వచ్చినవా అల్లుడా. మంచిగైంది. దీన్ని రేపు కాటాకు పెడుదాం. ఇత్తడి ధర మంచిగనే ఉన్నదట. ఎంతొస్తె అంత పోరనికి కలుపుదాం. మిత్తి తక్కువైతది.’’

నా గుండె జల్లుమంది. ఆ డ్రమ్ముతో ఆయనకున్న సంబంధం నాకు తెలుసు. నాకే కాదు, ఆ ఇంట్లో అందరికీ తెలుసు. మీకూ చెప్పాలి.

1975 వేసవి. నాకప్పుడు తొమ్మిదేళ్లు. గోదావరి అవతల మహారాష్ట్రలోని సిరొంచలో పెళ్లి. వంతెన రావడానికి ఇంకా నలభై ఏళ్లుంది, పడవలో పోవాలి. మేళంతో పాటు నన్నూ తీసుకుపోయాడు మామ. మా తాత కూడా వచ్చాడు. తాత డప్పు కొట్టేవాడు. కొడుకు ఎర్ర కోటు తొడుక్కుని డ్రమ్ము వాయించడం చూడాలని ఆయనకి ముచ్చట. డప్పుని పాత ధోవతిలో చుట్టి భుజానికి తగిలించుకున్నాడు. వాయించమని ఎవరూ పిలవలేదు. అది లేకుండా ఆయన ఊరు దాటడు, అంతే.

పెళ్లివారింటి దగ్గర కోట్లు వేసుకున్న మేళంవాళ్లని వసారాలో కూర్చోమన్నారు. తాతని గోడ అవతల చింతచెట్టు చూపించారు. డప్పు చూశారు కదా!

సాయంత్రం ఎదుర్కోళ్లకి మేళం కదిలిందో లేదో అకాల వర్షం దంచింది. ఈ రోజుల్లో డ్రమ్ములకి ప్లాస్టిక్ తోళ్లు. 1957లో అమెరికాలో రెమో బెల్లీ వాటిని అమ్మకానికి తెచ్చాక వానలన్నా ఎండలన్నా డ్రమ్మర్లకి భయం తగ్గింది. కానీ మామ డ్రమ్ముకి ఆ రోజున ఉన్నది నిజం తోలు. తడిసింది, సాగింది. ఠప్ మనాల్సింది తప్ తప్ మంది. పైగా కింద తీగ ఒకటి పుటుక్కున తెగింది. పెద్ద డ్రమ్మూ మూగబోయింది. మగపెళ్లివారు వచ్చి నిలబడ్డారు, వాద్యం లేదు. పెళ్లి పెద్ద గోడ దాటి చింతచెట్టు కిందికి వచ్చి, ‘‘తాతా, జర నువ్వన్న కొట్టు’’ అన్నాడు.

తాత ఏమీ మాట్లాడలేదు. పాకలోకి పోయి గుప్పెడు గడ్డి తెచ్చి మంట వేశాడు. డప్పుని దానిమీద అటూ ఇటూ తిప్పుతూ కాచాడు. వేలితో తట్టి చూసి, మళ్లీ కాచాడు. డప్పు తోలు వేడికి బిగుస్తుంది, బిగిస్తే గొంతు లేస్తుంది. కుడిచేత్తో పొట్టి సిర్ర, ఎడమచేత్తో సన్నటి సిటికెన పుల్ల. మొదటి దెబ్బకే ఆ వీధి వీధంతా తలెత్తింది. అడుగు అడుగుకి దరువు మారుస్తూ మగపెళ్లివారిని ఇంటిదాకా తాతే తీసుకొచ్చాడు. మామ ఆయన వెనకాల, మూగ డ్రమ్ము పట్టుకుని, ఎర్ర కోటు నీళ్లు కారుతూ నడిచాడు.

భోజనాల వేళ మేళానికి మళ్లీ వసారాలోనే ఆకులు వేశారు. తాత ఆకు చింతచెట్టు కిందే. మామ కోటు విప్పాడు. మడిచి డ్రమ్ము మీద పెట్టాడు. బనీనుతో బయటికి నడిచి, తాత పక్కన బురదలో కూర్చుని తిన్నాడు. నేనూ వెళ్లి కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు.

తిరుగు పడవలో మామ అన్న మాట నాకిప్పటికీ గుర్తే. ‘‘అల్లుడా, ఈ డ్రమ్ము నేను సప్పుడు కోసం కొనలే. గోడ లోపట కూసునేటందుకు కొన్న.’’

అన్నట్టు, తెగిన తీగ సంగతి మరిచాను. మర్నాడు ఇంకో పెళ్లుంది. మీరట్ నుంచి తీగ ఎప్పుడు రావాలి? మా ఊరి దసలి పట్టుదారాన్ని నాలుగు పేటలు మెలివేసి, మైనం రాసి, ఆ తీగ చోట బిగించాడు మామ. కొంచెం మెత్తగా, గాలి ఊదినట్టు పలికింది. పడమటి దేశాల్లో పట్టుదారానికి తీగ చుట్టిన స్నేర్లు కూడా ఉన్నాయని చాలా ఏళ్ల తర్వాత చదివినప్పుడు ఒక్కణ్నే కూర్చుని నవ్వుకున్నాను.

తెర మీద డప్పు

సినిమా పత్రికలో ఈ సొద ఏమిటని అనుకోకండి. ఆ గోడ గొడవ సినిమాల్లోనూ ఉంది. మన పాటల్లో డప్పు చాలాకాలం జాతర సీనుకో, దండోరా సీనుకో వచ్చి పోయే చుట్టం. 1979లో తయారైన ‘మా భూమి’లో గద్దర్ గొంతు విప్పాక పల్లె పాటకి తెరమీద వేరే గౌరవం వచ్చింది. 1997లో ‘ఒసేయ్ రాములమ్మా’లో వందేమాతరం శ్రీనివాస్ పాటలతో హాళ్లు దద్దరిల్లాయి.

ఆ తర్వాత 2022లో ‘ఆర్ఆర్ఆర్’. ‘నాటు నాటు’ పాట ముందు సీను గుర్తుందా? దొరల విందులో ఒక తెల్లవాడు ఎన్.టి.ఆర్.ని పడదోసి, తమ నాట్యాల పేర్లు చెప్పి వెక్కిరిస్తాడు. అప్పుడు రామ్‌చరణ్ వెంటనే మాటతో జవాబు చెప్పడు. పోయి డ్రమ్ముల మీద వాయిస్తాడు! ఆ బృందంలోని నల్లజాతి డ్రమ్మరు ముఖం మీద నవ్వు విచ్చుకుంటుంది. ఆ నవ్వు చూసినప్పుడు నాకు సిరొంచ పెళ్లి గుర్తొచ్చింది. ఆ పాట రాసిన చంద్రబోస్‌ది మా జిల్లాలోని చల్లగరిగే. 2023 మార్చి 12న లాస్ ఏంజిలిస్‌లో కీరవాణితో కలిసి ఆయన ఆస్కార్ అందుకుంటుంటే మా ఇంట్లో అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టింది మామే.

అలాంటి మామ ఇప్పుడు డ్రమ్ముని కాటాకి పెడతానంటున్నాడు. మనుమడేమో తల వంచుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

కళ్లకు గంతలు

‘‘ఆగండి. ముందు పోటీ పెడదాం. తర్వాత కాటా’’ అన్నాను. నలభై ఏళ్లుగా పాటలు వింటున్నవాణ్ని, చప్పుళ్ల మీద కాలమ్ రాసేవాణ్ని. ఏ డ్రమ్ము ఏదో కళ్లు మూసుకుని చెప్పగలనని నా ధీమా.

పిల్లవాడు హనుమకొండలో మిత్రుడి దగ్గర ఆ అమెరికా డ్రమ్ముని ఒక్కరోజుకి బతిమాలి తెచ్చాడు. ఇంకో మిత్రుడి దగ్గర చవకరకం స్టీలు డ్రమ్ము. మూడోది మన బిందె. పోటీ అంటే న్యాయంగా ఉండాలి కదా! మిగతా రెండింటికీ తోళ్లు కొత్తవి. బిందె మీది తోలు పదేళ్ల నాటిది, మధ్యలో గుంటపడింది. కింద తీగల్లో సగం వంకరపోయాయి. ‘‘దీనికీ కొత్త తోళ్లు, కొత్త తీగలు వెయ్యి. ఖర్చు నాది’’ అన్నాను. డబ్బా 14 అంగుళాలదే కావడం అదృష్టం, బజారులో దొరికే తోలు సరిపోయింది. రాత్రి పది దాకా కూర్చుని పిల్లవాడు ఒక్కో మరా ఎదురెదురుగా సమంగా బిగించాడు. మామ పక్కన కూర్చుని ప్రతి మర దగ్గరా వేలితో తట్టి, ‘‘ఇంక జర. ఆ... సాలు’’ అంటూ వచ్చాడు. తాతా మనుమలు ఒక డ్రమ్ము మీద వంగి పనిచేయడం చూసి ఎన్నాళ్లయిందోనని మా అత్త నా చెవిలో గొణిగింది.

మర్నాడు పొద్దున వసారాలో కుర్చీ వేసి నా కళ్లకి తువ్వాలు కట్టారు. లోపలి గదిలో డ్రమ్ములు. ఎవరు ఏది వాయిస్తున్నారో చెప్పరు. ఒక్కో డ్రమ్ము రెండేసి సార్లు. నేను పలకాలి, అత్త కాగితం మీద రాయాలి.

మొదటిది మోగింది. నిండుగా, గంటలా, దెబ్బ దెబ్బకీ తేటగా. ‘‘అమెరికాది! ఆ తేటదనం చూడండి!’’ అన్నాను.

రెండోది. మోగీ మోగకముందే నా ఒళ్లు జలదరించింది. ఆ రెండు దెబ్బల మధ్య చిన్న ఆగుడు, వచ్చేటప్పుడు కొంచెం ఆలస్యంగా వచ్చి పోయేటప్పుడు తొందరగా పోయే ఆ ముగింపు. చిన్నప్పటినుంచి విన్నాను. ‘‘ఇది మన బిందె! ఇంకేదీ కాదు. నా ప్రాణం పణం పెడతాను’’ అన్నాను.

మూడోది బాగానే ఉంది గానీ ఏదో ముక్కు పట్టుకున్నట్టుంది. ‘‘స్టీలు’’ అన్నాను.

రెండో రౌండులోనూ వరస మార్చి వాయించారు. నేను అవే జవాబులు చెప్పాను. తువ్వాలు విప్పారు. ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వుతున్నారు.

నేను అమెరికాదని పొగిడింది బిందె, వాయించింది మనుమడు. స్టీలన్నది అమెరికాది, వాయించింది మళ్లీ మనుమడే, కాకపోతే ముందు రాత్రి దాని తీగలు మరీ బిగిసిపోయి ఉన్నా సరిచేయడం మరిచాడు. ఇక నేను ప్రాణం పణం పెట్టిన ‘మన బిందె’ చవకరకం స్టీలు డ్రమ్ము. దాన్ని రెండు సార్లూ వాయించింది మామ!

మూడింట మూడూ తప్పు. ఆరింట ఆరూ తప్పు. పరువు పోయిందన్నానే, అది ఇదే.

‘‘నువ్వు గుర్తుపట్టింది డ్రమ్మును కాదు అల్లుడా, నా చేతిని’’ అన్నాడు మామ. ఎనభై ఏళ్ల మనిషి సిగ్గుపడటం మొదటిసారి చూశాను.

మరి అప్పు?

ఇక్కడ కథ ముగించి, డ్రమ్ము ముఖ్యం కాదు చెయ్యే ముఖ్యమని నీతి చెప్పేస్తే నాకు సుఖం. కానీ పిల్లవాడు ఊరుకోలేదు. వాడు డ్రమ్మరు, నేను కాదు. ‘‘మామా, గట్టిగ కొడితె నువ్వన్నది నిజమే. మెల్లగ కొట్టి చూస్త, ఇను’’ అని, పుల్ల మొనతో అమెరికా డ్రమ్ము మీద చీమ నడిచినట్టు వాయించాడు. తీగలు గుసగుసలాడాయి. బిందె మీద అంత మెల్లగా కొడితే తీగ పలకలేదు, వట్టి తోలే పలికింది.

మామ రెండింటినీ తిరగేసి వేలితో తడిమాడు. కింద తీగలు ఆనే చోట డబ్బా అంచుని కొద్దిగా లోతు చేస్తారు, తీగలు తోలుకి సమంగా అతుక్కోవడానికి. అమెరికా దానికి అది నున్నగా ఉంది, మన దానికి ఎగుడుదిగుడు. ‘‘పోరడు చెప్పింది నిజమే. పైసలు ఉత్తగ తీస్కుంటలేరు’’ అన్నాడు. నాకు ఆ మనిషి మీద గౌరవం ఇంకో మెట్టు పెరిగింది. సొంత డ్రమ్ము లోపం నలుగురిలో ఒప్పుకున్న డ్రమ్మర్లు ఎందరున్నారు చెప్పండి?

ఆ తర్వాత ఆయన మనుమణ్ని దగ్గర కూర్చోబెట్టుకుని ఒకే మాట అడిగాడు. ‘‘బిడ్డా, ఆ మెల్లగ కొట్టే పని నీకు పెండ్లిళ్లల్ల ఎన్నిసార్లు పడ్డది?’’

వాడు ఆలోచించాడు. ‘‘పడలే.’’

‘‘మరి మిత్తికి ఎందుకు తెస్తనంటివి?’’

వాడు జవాబు చెప్పలేదు. బిందె మాట తాతకి అప్పటిదాకా తెలియదు. నేనే చెప్పాను. మామ చాలాసేపు డ్రమ్ము అంచు మీద చెయ్యి తిప్పుతూ కూర్చున్నాడు.

‘‘నేను కోటు కొన్న. నువ్వు పేరు కొందామంటున్నవు. నిన్ను తిట్టేటందుకు నాకు మొకం లేదు’’ అన్నాడు చివరికి. ‘‘కొను. కాని మిత్తికి కాదు. వాయించి కొను. అందాక దీన్ని తీస్కపో.’’

గోనెసంచి మళ్లీ అటక ఎక్కింది. పిల్లవాడు చిట్టీ మాత్రం ఎత్తకుండా ఉంచాడు, వడ్డీ వ్యాపారి దగ్గరికి పోలేదు. బిందె అంచుని ఒక ఇత్తడి పనివాడి దగ్గర సాపు చేయించాడు. ఇప్పుడు మెల్లటి దెబ్బకీ కొంచెం పలుకుతోంది, గుసగుస కాదు గానీ గొణుగుడు దాకా వచ్చింది.

పోయిన వారం వాడు మంథనిలో ఒక రిసెప్షన్‌లో వాయించాడు. కార్యక్రమం అయ్యాక ఇంకో ఆర్కెస్ట్రా డ్రమ్మరు వచ్చి, ‘‘సౌండ్ మస్తున్నది అన్నా, ఏ కంపెనీ?’’ అని అడిగాడట. మనవాడు డ్రమ్ముని తిరగేసి చూపించాడట. ఏ పేరూ లేదు, యాభై ఏళ్ల నాటి సొట్టలు తప్ప. ‘‘మా తాతది’’ అన్నాడట. ఫోన్‌లో ఆ మాట చెబుతుంటే వెనకనుంచి మామ గొంతు వినిపించింది, ‘‘తీగలు వదులు చేసి పెట్టిండో లేదో అడుగు!’’ అని.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇక మీ వంతు. ఈసారి పాట వినేటప్పుడు ఒక్కసారి కళ్లు మూసుకోండి. హీరోని వదిలేయండి, స్నేరుని పట్టుకోండి. 1981 తర్వాత ఫిల్ కాలిన్స్ పాటలో మోగినట్టు పెద్ద గదిలో పేలి టక్కున ఆగే దెబ్బలు ఎక్కడున్నాయి, యంత్రం కొట్టిన దెబ్బలు ఎక్కడున్నాయి, మనిషి చెయ్యి ఎక్కడుందీ రాయండి. యంత్రం ప్రతి దెబ్బా ఒకేలా కొట్టగలదు. మనిషి పాట చివరికి వచ్చేసరికి కొంచెం తొందరపడతాడు, ఇంటికి పోవాలి కదా పాపం.

తప్పు చెబుతామేమోనని భయపడకండి. ఆరింట ఆరూ తప్పు చెప్పినవాడే మీకు మార్కులు వేసేది. ఉంటాను మరి. వచ్చేవారం కలుద్దాం.